భస్మవర్ణహిమాచలము

క్రోధన నామ సంవత్సర పుష్య బహుళ తదియనాఁటి ప్రాతఃకాలమున జోషిమఠమునకు మీఁదనున్న హిమస్థలియందు మువ్వురు నిలిచియుండిరి. తుహినధవళశిఖరపరంపరాపరివృతయై నందాదేవి బాలాతపరేఖాస్పర్శమునఁ గర్పూరరాశివలె వెలుఁగుచుండెను. ఆ మువ్వురిలో నొకఁడు కాకినాడ ఛాయాచిత్రకారసంఘ కార్యదర్శి మారేపల్లి సోమసుందరము. రెండవవాఁడు వృద్ధఛాయాగ్రాహకుఁడు కొమాండూరి శఠగోపాచార్యులు. మూఁడవవాఁ డాయన పూర్వశిష్యుఁడు ముక్కామల చిదంబరము.

ఏఁడాది క్రిందట నాచార్యులు రెండు కాలివ్రేళ్లు మంచునకు బలియిచ్చి తీసిన యీ శిఖరముయొక్క స్లయిడును చిదంబరము గురుగృహమునుండి హరించి తనపేర సంఘమున బహుమానము గొనియెను. స్లయిడునకు వేఱు నెగటివు లేదు గావున నది యెవ్వరిదో తేల్చుట దుర్ఘటమయ్యెను. అందువలన నిరువురును నిచ్చటనే చెఱియొక చిత్రము తీసి చూపవలయునని సంఘము తీర్పుచేసెను.

చిదంబరము వెలుఁగును గొలుచు చేతిమీటరును మంచువైపు త్రిప్పి గురునిఁ జూచి నవ్వెను.

"ఏం మేష్టారూ, మీటరు తేలేదా? కళ్లతోనే తూచేస్తారా?"

"నా కళ్లు నావే నాయనా. ఎవరింట్లోంచీ ఎత్తుకొచ్చినవి కావు."

కాని మీటరుముల్లు చూపిన యంకె చిదంబరమునకే యనుమానము గొల్పెను. "ఇది సరిగ్గానే చెబుతోందంటారా?" అని స్వరము తగ్గించి యడిగెను.

ఆ యంత్రము తాను గాంచిన ధవళిమమునెల్ల బూడిదవంటి మధ్యమవర్ణముగా నెంచి చీఁకటి చేయుననియు మంచునందు దానిమాటకు నాలుగింతల వెలుఁగీయవలయుననియు నాచార్యు లెఱుఁగును. పదియేండ్లు వానికి మంచుపని దక్కఁ బ్రతిసూక్ష్మమును బోధించిన యా నోరు అలవాటుచొప్పునఁ దెఱచుకొని యాఁగెను.

"నీ మీటరు కదా. నమ్ముకో."

పదునొకండవనాఁడు సంఘభవనమునందలి తెరపై నిరువుర స్లయిడులును వెలిఁగెను. గురునిది పాలసముద్రము. శిష్యునిది వల్లకాటి బూడిదకుప్ప.

"పోయినేడు మంచు ఇంత తెల్లగా తీశారే చిదంబరంగారూ! అప్పుడు మీటరు మీద ఎంత కలిపారు?" అని సోమసుందర మడిగెను.  చిదంబరము పాతస్లయిడుపైఁ దనపేరు గొట్టివేసి గురుని పేరు వ్రాసెను. చౌర్యము నంగీకరించుచుఁ గాగితము వ్రాసి చేవ్రాలు చేసి యాయన పాదములపైఁ బడెను.

"పేపర్లో మాత్రం వేయించకండి మేష్టారూ! స్టూడియో మూసుకోవాలి."

"ఇవాళ వేయించను. రేపటి సంగతి చెప్పలేను. రోజూ పొద్దున్నే పేపరు చూసుకుంటూ ఉండు."

విఱిగిపడిన హిమరాశి క్రిందివాని నొక్కమాఱే చంపును. కొనకొమ్మున వ్రేలాడునది ప్రతిదినమును జంపును. ఆచార్యులు తొందరపడక యా పత్రమును నాలుగు మడఁతలు మడిచి కోటులోనిజేబులో దాఁచికొనెను.