గేటు బయట ప్రెసిడెంటు

మా ఆయన జోగయ్యగారు ఇరవై ఏళ్లు ప్రతిపక్షంలోనే ఉన్నారు. కాలవకి నీళ్లు రాకపోతే రోడ్డు మీద కూర్చునేవారు. రాజాం బస్సు మా ఊరికి రావడం మానేస్తే డిపో ముందు కూర్చునేవారు. కూర్చున్న చోటునుంచి పోలీసులు ఎత్తుకుపోయేవారు. మర్నాడు పేపర్లో ఆయన పేరు పడిందో లేదో వెతుక్కోవడానికే నేను అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను.

బయటికి వెళ్లిన మనిషి తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగదు. మా అమ్మ ఆస్పత్రికని శ్రీకాకుళం బస్సెక్కి మళ్లీ రాలేదు. అప్పట్నించీ ఇంట్లో ఎవరు చెప్పులు తొడుక్కున్నా నా గుండెల్లో రాయి పడుతుంది. అందుకే, పైకి అనేదాన్ని కాదు గాని, ఆయన్ని హౌస్ అరెస్టు చేసిన రోజులు నాకు పండగ. ఏ మంత్రో జిల్లాకి వస్తున్నాడంటే తెల్లారేసరికి ఇద్దరు పోలీసులు మా అరుగు మీద ఉండేవారు. ఆయన గడప దాటడానికి లేదు. ఆయన లోపల కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే నేను వంకాయల్లో ఎండునెత్తళ్ల చేపలు వేసి కూర వండేదాన్ని.

"మొగుణ్ని అరెస్టు సేసినట్టు నేదే నీకు. అల్లుడొచ్చినట్టున్నాది" అని కసిరేవారు.

సర్పంచి ఎన్నికల్లో ఆయన మొదటిసారి నిలబడింది మా తమ్ముడు కూర్మయ్య మీదే. నా పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే ఊళ్లో, రెండు వీధుల ఎడం. ఆయన నాకు మేనబావ. బావా బావమరుదులిద్దరూ చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్లు. తమ్ముడు గెలిచాడు. రెండోసారీ తమ్ముడే గెలిచాడు. అయినా రాకపోకలు చెడలేదు.

"ఏటి బావా, డిపాజిట్టయినా దక్కినాదా?" అని వాడు వేళాకోళం చేస్తే, "నవ్వరా నవ్వు. నీ కుర్సీలో నాను కూకున్న రోజున ఏడుద్దువు గాని" అని ఈయన అనేవారు.

మూడోసారి ఈయన గెలిచారు. కాగితాల్లో సర్పంచి, ఊరికి ప్రెసిడెంటు. ఆ సాయంత్రం ఊరేగింపులో మా పక్షం కుర్రాళ్లు తమ్ముడి ఇంటిముందు ఆగి మందుగుండు కాల్చారు. ఒక తారాజువ్వ వెళ్లి వాళ్ల గడ్డికుప్ప మీద పడింది. కుప్ప మొత్తం బూడిదైపోయింది. అంతే, తమ్ముడు నాతో మాట మానేశాడు. నేను వాళ్ల వీధిలో అడుగుపెడితే వాడు పెరటిదారిన పొలానికి పోయేవాడు. అమ్మానాన్నలు పోయాక నాకు మిగిలిన పుట్టిల్లు వాడొక్కడే. కళ్లెదుట ఉండగానే వాడూ పోయినట్టయింది.

ఆ తర్వాత పైన ప్రభుత్వం కూడా ఈయన పార్టీదే అయింది. పోయిన నెల మంత్రి రాజాం వస్తున్నాడన్నారు. ప్రభుత్వం ధాన్యం కొనడం లేదు కాబట్టి నల్లజెండాలు చూపిస్తామని మా తమ్ముడు ప్రకటించాడు. తెల్లారేసరికి వాడి ఇంటిముందు పోలీసు కాపలా పడింది.

ఆ కబురు నాకు అందేసరికి ఆయన గంజిపెట్టిన చొక్కా తొడుక్కుంటున్నారు.

"ఎస్సైగారికి ఒక మాట సెప్పకూడదా?" అన్నాను.

"ఏటని సెప్పమంటావు? ఇరవై ఏళ్లు నాను కూకున్నాను. ఆడొక్కపూట కూకుంటే అరిగిపోతాడా?"

"అయితే నాను ఎల్లి సూసొస్తాను."

"ఒసే, ప్రెసిడెంటు పెళ్లాం ఎదరపార్టీ ఇంటికెల్లిందని మంత్రి సెవిన పడితే ఏటవుద్దో తెల్సునా?"

"ఆడు నా తమ్ముడు. ఇయ్యాల గడప దాటనేడు. ఇయ్యాల దొరక్కపోతే ఆడు నాకింక దొరకడు."

ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకోవడంలో పడ్డారు. నేను కూరగిన్నె పట్టుకుని బయల్దేరాను.

కాపలా పోలీసు గజపతినగరం వైపునుంచి కొత్తగా వచ్చిన మనిషి. గిన్నె చూసి గేటు తీశాడు. మరదలు ధనలక్ష్మి "వదినా!" అంటూ ఎదురొచ్చింది. తమ్ముడు అరుగు మీద మంచంలో గోడవైపు తిరిగిపోయాడు.

"ఇటు తిరగరా."

"కాపలా ఎలగున్నాదో సూసి రమ్మని నీ మొగుడు పంపినాడా?"

"ఒద్దంటేనే వచ్చినాను. ఆ గోడలో ఏటున్నాది? ఇటు తిరుగు."

"నాకు ఆకల్నేదు."

"నిన్ను తినమన్నానేటి?"

ధనలక్ష్మి పక్కున నవ్వింది. వాడు లేచి కూర్చున్నాడు. జుట్టు ఎంతగా నెరిసిపోయిందో! రెండు వీధుల అవతల ఉండి నేను చూసుకోలేదు.

"కుర్రోళ్లు సేసిన పనికి నన్నెందుకొదిలీసినావురా?"

"గడ్డి పోతే పోనాది అప్పా" అన్నాడు వాడు, చిన్నప్పుడు అక్కని పిలిచినట్టే. "ఊరంతా బిందెలట్టుకొని వొచ్చినారు. బావ రానేదు. మర్నాడైనా వస్తాడని సూసినాను. మెడలో దండేసుకొని మా వీధెంబడే కారులో ఎలిపోనాడు."

ఇన్నాళ్లూ కుప్ప కాలిందని కోపమనుకున్నాను. మనిషి రాలేదని కోపం. ఒక మనిషి కోసం వీధివైపు చూస్తూ కూర్చోవడం ఏమిటో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

అంతలో గేటు బయట ఆయన గొంతు వినిపించింది. "ఒసే! నా కండువా ఎక్కడెట్టినావు?"

"భుజం మీదే ఉన్నాది సూసుకోమను" అన్నాడు తమ్ముడు గోడకేసి చూస్తూ.

నేను గేటు దగ్గరికి వెళ్లి ఆయనతో మెల్లిగా అన్నాను. "కుప్ప కాలినందుకు కాదయ్యా. నువ్వు రానేదని. మర్నాడంతా నీకోసం సూసినాడట."

ఆయన భుజం మీది కండువా సర్దుకున్నారు. తర్వాత గేటు మీద చెయ్యి వేశారు. పోలీసు అడ్డొచ్చాడు.

"మీరు లోపలికి వెళ్లకూడదండి. పార్టీ లీడర్లెవర్నీ వదలొద్దని ఆర్డరు."

"నానీ ఊరి ప్రెసిడెంట్నయ్యా."

"తెలుసండి. అందుకే."

"ఆ ఆర్డరు మావోళ్లదే!"

"ఎవరిదైనా ఆర్డరేనండి."

ఆయన ఎస్సైకి ఫోన్ చేశారు. ఎత్తలేదు. వెనకాల రోడ్డు మీద ఆయన్ని మీటింగుకి తీసుకెళ్లే కారు హారన్ కొడుతోంది. ఆయన కారువైపు చూశారు, గేటువైపు చూశారు. చూసి, తెల్లబట్టలతో ఆ మట్టిలోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"నన్ను లోపలికి పంపీదాకా లెగను. పోలీసుల దౌర్జన్యం నశించాలి!"

వీధివీధంతా బయటికొచ్చింది. తమ్ముడు మంచం దిగి గేటు దాకా వచ్చాడు.

"బావా, ఆ పోలీసులు మీ పోలీసులే."

"ఎవులోళ్లైతే నాకేటిరా!"

వాడికి నవ్వాగలేదు. నవ్వుతూనే కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "ఏవయ్యా, ఎదురుగా ధర్నా సేస్తంటే సూస్తావేటి? అరెస్టు సెయ్యి. తెచ్చి ఈ ఇంట్లోనే ఎట్టు. నీ ఆర్డరూ సెడదు."

పోలీసు కాస్త ఆలోచించి గేటు బార్లా తీశాడు. "లేవండి సార్. మిమ్మల్ని హౌస్ అరెస్టు చేస్తున్నాను."

డ్రైవర్ని పొమ్మని చెయ్యి ఊపి ఆయన లోపలికి వచ్చారు. మంచం మీద కూర్చోలేదు. "సిగ్గుపడి రానేకపోనానురా" అన్నారు నేలచూపులు చూస్తూ. తమ్ముడు వంటింటివైపు తిరిగి "బావకి కంచం ఎట్టవే" అని ధనలక్ష్మిని కేకేశాడు.

సాయంత్రం ఎస్సై ఫోన్ చేశాడు. ఇద్దర్నీ వదిలేశామని నాతో చెప్పి పోలీసు వెళ్లిపోయాడు. అరుగు మీద వీళ్లిద్దరూ ధాన్యం గురించి ఊరంతా వినబడేలా అరుచుకుంటున్నారు. వదిలేసిన సంగతి నేను ఇద్దరికీ చెప్పలేదు. లోపలికి వెళ్లి ధనలక్ష్మి పక్కన కూర్చుని రాత్రికి బియ్యం ఏరడం మొదలుపెట్టాను.