శవాల బండికి చక్రాలు

జోజప్ప పొద్దున చర్చిలో గుడిగంట కొట్టి, తాడు కొక్కేనికి తగిలించి, పాక కిందున్న శవాల బండిని కాలితో ఒక్క తన్ను తన్నాడు. ముందు చక్రాలు రెండూ విరిగి అది ముక్కు నేలకానించి పడి ఉంది. కూలిమనిషి చిట్టెమ్మ శవాన్ని సమాధులకు తీసుకెళ్తుంటే తిరువూరు నడిబజార్లో విరిగాయవి. పెట్టె జారి మురిక్కాలవ అంచున ఆగింది. సోడాబండి దగ్గర ఎవరో నవ్వారు. ఆ నవ్వు అతని చెవుల్లోంచి పోలేదు.

జోజప్ప కొత్త చక్రాల మాటెత్తగానే గుడిపెద్ద మరియదాసు మాస్టారు నసిగాడు. "పండక్కి మైకుసెట్టు కొనాలి కదా జోజప్పా. ఈలోగా భుజాల మీద మొయ్యండి."

"మైకులో పిలిస్తే చచ్చినోళ్ళు నడిచిపోతారాండీ?" అని విసురుగా బయటికొచ్చాడు.

ఇరుసు లావుకు చుట్టి కోసిన నులకముక్క జేబులో పెట్టుకుని బజారంతా తిరిగాడు. సైకిలు చక్రాలు పెట్టె బరువుకు వంగిపోతాయి. రిక్షా చక్రంలో ఇరుసు దూరదు. ఎడ్లబండి చక్రం నడుమెత్తు. అప్పుడు గుర్తొచ్చింది, పెనుగొలనులో వీరరాఘవయ్యగారి ఆయిలింజను బండి. కరెంటు మోటారు వచ్చాక గొడ్లపాకలో తుప్పు పడుతోంది. వయసులో దాన్ని బావుల వెంట లాగింది తనే. బస్సెక్కి వెళ్ళి నులక పెట్టి చూశాడు. సరిపోయింది. ఎత్తు కూడా బండి వెనక చక్రాలంతే.

వీరరాఘవయ్య అరుగు మీంచి లేవలేదు. "శవాల బండికా? నా ఇంటి ఇనుము అడగడానికి నోరెట్లా వచ్చిందిరా? అశుభం కాదూ!"

జోజప్ప మెడనరాలు ఉబ్బాయి. "ఈ ఇంజను మేం లాగితేనేగా అయ్యగారూ మీ చేలు తడిసింది. అప్పుడు మా చేతులు అశుభం కాలేదే!"

వీరరాఘవయ్య గొడ్లపాక వైపు చెయ్యి విసిరాడు. "పీక్కుపో. మళ్ళీ ఈ గడప తొక్కకు" అన్నాడు.

ఇనుము బస్సెక్కించనన్నాడు కండక్టరు. చక్రాలు కావిడికి కట్టుకుని ఎండలో నడిచాడు జోజప్ప. మాస్టార్ని, అయ్యగారిని, కండక్టర్ని, నవ్వినవాళ్ళని పేరుపేరునా తిట్టుకుంటూ నడిచాడు. ఎడమచెయ్యి తిమ్మిరెక్కితే దాన్నీ తిట్టాడు. పొద్దు వాలేసరికి చక్రాలు బిగించి, ఇరుసుకు గ్రీజు పూసి, బండిని నెట్టి చూశాడు. చప్పుడు లేకుండా సాగింది.

భార్య మేరమ్మ వెతుక్కుంటూ వచ్చేసరికి బండికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. భుజం తడితే ఒరిగిపోయాడు.

మర్నాడు మాస్టారు కండువా సర్దుకుని ముందుకొచ్చాడు. "గుడి మనిషి. భుజాల మీద మోసుకెళ్దాం."

మేరమ్మ బండి పిడి పట్టుకుంది. "బతికున్నప్పుడు చక్రమియ్యనోళ్ళు ఇప్పుడు భుజమిస్తారా? ఎక్కించండి పెట్టె!"

పెట్టె బండెక్కించారు. ఆమే నెట్టింది. సమాధుల దాకా ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

పాక కింద గ్రీజుడబ్బా మూత తీసే ఉంది. అందులో జోజప్ప రెండు వేళ్ళతో తోడిన గాడి, ఇంకా పూడలేదు.