వంకర కుట్టు

మా అక్క దర్జీ. చెప్పిన రోజుకి ఎవరి బట్టలు వాళ్ళకి ఇచ్చేస్తుంది, కొసరుగా ఒక క్షమాపణ కూడా ఇస్తుంది. "కాలరు కాస్త ఎత్తయింది, ఏమనుకోకండి" అంటుంది. కాలరు దివ్యంగా ఉంటుంది. ఎవరైనా మెచ్చుకుంటే "ఏదో కుట్టాన్లెండి" అని మొహం తిప్పేసుకుంటుంది. నాకు ఒళ్ళు మండిపోతుంది.

నాకు కుట్టేవి మాత్రం ఎప్పటికీ పూర్తికావు. సొంత చెల్లెలి బట్టల్లో వంక ఉండకూడదని కుట్టిందే విప్పి కుడుతుంది. ఇదివరకు చేరిన ఉద్యోగాలన్నిటికీ కొట్లో కొన్న కోటుతోనే వెళ్ళాను. సోమవారం పళ్ళ డాక్టరు దగ్గర కొత్తగా చేరాలి. ఈసారైనా అక్క కుట్టిన కోటు తొడుక్కోవాలని నా పంతం.

అక్క ఈమధ్య ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్తోంది. అద్దంలో చూసుకున్నా తన లోపాలే కనిపిస్తున్నాయని ఒకరోజు బాగా ఏడ్చి, తనే ఆ కౌన్సెలర్‌కి ఫోన్ చేసి మాట్లాడుకుంది. ఆవిడ ఈ వారం ఒక పని అప్పజెప్పింది. కోటులో ఒక కుట్టు కావాలనే వంకరగా వేసి, విప్పకుండా, సారీ చెప్పకుండా నాకు ఇచ్చెయ్యాలి.

ఆదివారం షాపుకి వెళ్తే అక్క కోటు లైనింగు మీద సుద్దతో ఏదో గీస్తోంది.

"ఏంటక్కా అది?"

"వంకర ఎక్కణ్ణించి ఎక్కడిదాకా రావాలో గీసుకుంటున్నానే."

బల్ల నిండా గుడ్డముక్కలు. ప్రతిదాని మీదా ఒక వంకర కుట్టు.

"మరి ఇవన్నీ?"

"ప్రాక్టీసు. ఇది మరీ వంకరైపోయింది. ఇదేమో ఎంత ప్రయత్నించినా తిన్నగానే వచ్చింది."

నేను ఇస్త్రీబల్ల పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. అక్క ముందు గుర్రుగా చూసింది. తర్వాత "నాకు తప్పు చెయ్యడం కూడా చేతకాదే" అని తనూ నవ్వేసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నాకు జాలేసింది, ముద్దూ వచ్చింది.

సోమవారం పొద్దున్నే కోటు తెచ్చింది. వంకర కుట్టు లోపలెక్కడో, జేబు వెనక ఉంది. తొడుక్కుని గుండీలు పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. కోటు ఒక పక్క కిందికి దిగింది. ధ్యాసంతా ఆ వంకర మీదే పెట్టి, అక్క గుండీలని కాజాలకి ఎదురుగా కుట్టడం మరిచిపోయింది. ఇది మాత్రం ప్రాక్టీసు లేకుండా వచ్చిన తప్పు.

అక్క మొహం పాలిపోయింది. సంచిలోంచి కత్తెర తీసింది.

"విప్పవే. క్షణంలో సరిచేస్తాను."

"ఆ క్షణం సంగతి నాకు తెలుసక్కా. బస్సు వచ్చేస్తుంది."

"ఇలా వెళ్తే నన్ను చూసి నవ్వుతారే."

"కోటులో ఉండేది నేను. నిన్నెవరు చూస్తారు?"

ఒక చేత్తో కోటు అంచు, ఒక చేత్తో కత్తెర పట్టుకుని అలాగే నిలబడింది. నాకు లాక్కోవాలనిపించలేదు. వదిలితే తనే వదలాలి. కాసేపటికి కత్తెర బల్లమీద పెట్టి నా కాలరు సర్దింది.

బస్టాపు దాకా నాతో వచ్చింది. అక్కడ పక్కింటి పిన్ని నన్ను ఎగాదిగా చూసి, "కోటు భలే ఉందే. ఎవరు కుట్టారు?" అని అడిగింది.

అక్క నోరు తెరిచింది. గుండీల సంగతి మొదలుపెడుతుందని నాకు తెలుసు. నా వైపు చూసి, ఆ మాట మింగేసింది.

"నేనే పిన్నీ," అంది. "మా చెల్లెలికి నేనే కుట్టాను."