అటెండెంట్ జీతం

స్ట్రెచర్ చక్రాల కింద ఎండిపోయిన రక్తం నీళ్లకు వదల్లేదు. ఆమె ఆంబులెన్స్‌లో మోకాళ్ల మీద కూర్చుని గోటితో గీకింది. బండి కడగడమూ ఆమె పనే, నడపడమూ ఆమె పనే. పాత డ్రైవర్ నడుము పట్టేసి మానేసినప్పటి నుంచి రెండేళ్లుగా స్టీరింగ్ ఆమె చేతిలోనే ఉంది. జీతం మాత్రం అటెండెంట్‌దే.

ఆ ఉదయం కొత్త డ్రైవర్ వచ్చాడు. మెతక మనిషి. టీ తాగుతూ తనకెంత ఇస్తామన్నారో దాచకుండా చెప్పేశాడు. ఆమె జీతానికి దాదాపు రెట్టింపు. ఆమె గ్లాసు కింద పెట్టి మేనేజర్ గదిలోకి వెళ్లింది.

"సార్, రెండేళ్లు బండి నేనే తోలాను. ఒక్క గీత పడలేదు."

"కాదన్నానా అమ్మా? అతను మగాడు, ఇల్లు నడపాలి."

"మా ఇల్లు దానంతటదే నడుస్తోందా సార్?"

మంచం పట్టిన భర్త, కాలేజీకి వెళ్లే కూతురు ఉన్న ఇల్లు అది.

మేనేజర్ నవ్వాడు. "ఆడవాళ్లు బరువులెత్తలేరని పైవాళ్లు అసలు వద్దంటున్నారు. నేను సర్దిచెబితేనే నీకు ఆ వెనక సీటైనా మిగిలింది."

ఆమె వెళ్లి వెనక కూర్చుంది.

మధ్యాహ్నం మూడో అంతస్తు నుంచి ఒక భారీ మనిషిని దించాల్సి వచ్చింది. లిఫ్టు లేదు. మెట్ల మీద కిందివైపు పట్టినవాళ్లకే బరువెక్కువ. అటు ఆమే పట్టుకుంది. మలుపు దగ్గర గుండెల మీద ఎవరో కాలుపెట్టి తొక్కినట్టయింది. ఎడమ చెయ్యి లాగింది. అలా లాగుతోందా అని ఎందరు రోగులను అడిగిందో!

"అక్కా, కాసేపు దించుదామా?" అన్నాడు డ్రైవర్.

మేనేజర్ మాట చెవిలో గింగురుమంది. "వద్దు తమ్ముడూ, పద."

ఆ మనిషిని ప్రాణాలతో ఆసుపత్రిలో అప్పగించారు. తిరుగుదారిలో డ్రైవర్ వెనక్కి కేకేసి దారి అడుగుతూ వచ్చాడు.

"సిగ్నల్ దగ్గర ఎటక్కా?"

"కుడి. వంతెన కింద నుంచి పోనీ."

వంతెన దాటాక మళ్లీ అడిగాడు. జవాబు రాలేదు. పాపం, అలిసిపోయి కునుకు తీస్తోందనుకున్నాడు. లేపడం ఇష్టంలేక, దారి తప్పినా గుంతలు తప్పించుకుంటూ, సైరన్ లేకుండా మెల్లగా నడిపాడు. షెడ్డులో వెనక తలుపు తీసినప్పుడు గానీ అతనికి తెలియలేదు.

నెల తిరక్కుండానే ఆ సీట్లోకి ఇంకో ఆడమనిషి వచ్చింది, ఇంకా తక్కువకి. ఒక సాయంత్రం ఎండ కళ్లలో పడుతుంటే డ్రైవర్ అద్దం పైనున్న పలకను కిందికి దించాడు. దాని వెనక దోపి ఉన్న చిన్న దువ్వెన అతని ఒళ్లో పడింది, పళ్ల మధ్య ఒక పొడవాటి తెల్లవెంట్రుకతో.