మోనాడ్ అంటే డబ్బా

ఆ ఉదయం ఆకాశం బూడిదరంగులో ఉంది. వాన పడేట్టు లేదు, ఎండ కాసేట్టూ లేదు. నేను గిన్నెలు తోముతున్నాను. వెనక కుర్చీలో కూర్చుని మా ఆయన మోనాడ్ అంటే ఏమిటో చెబుతున్నారు.

"డబ్బా అనుకో. విలువని అందులో పెడతావు. అంతే. ఇంత చిన్న విషయం బుర్రకెక్కదేం?"

ఇద్దరం చేసేది ప్రోగ్రాములు రాసే పనే. పాప పుట్టాక నేను మానేసి, ఈమధ్యే మళ్లీ చేరాను. ఈలోగా మా టీము ఫంక్షనల్ అనే కొత్తరకం ప్రోగ్రామింగ్ పద్ధతికి మారింది, మోనాడ్ అందులోదే. "ఇదంతా అందరికీ తెలిసిందేగా" అన్నాడు టీమ్ లీడర్. నేనూ తలూపాను. తర్వాత ఎక్కడిదో కోడ్ తెచ్చి నాదిగా పెట్టాను. రేపు దాన్ని అందరి ముందూ వివరించాలి. చెప్పలేకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"డబ్బా ఖాళీగా ఉంటే?" అన్నాను.

"అది వేరే. ముందు డబ్బా అర్థం చేసుకో."

"ఒకసారి రాసి చూపిస్తారా?"

"బేసిక్సే లేకపోతే ఏం చూపించను?"

"వదిలెయ్యమ్మా" అన్నారు అత్తయ్య. "ఆదివారం పూటైనా వాణ్ణి విసిగించకు."

సారీ చెప్పాను.

చేతులు తుడుచుకుని నా పాత ప్రోగ్రాము తెరిచాను. మనిషి వివరాలు ఉన్నాయా? ఉంటే చిరునామా ఉందా? ఉంటే ఊరు ఉందా? అడుగడుగునా అడుగుతూ ఏళ్ల తరబడి రాశాను. తెచ్చిన కోడ్‌లో ఆ ప్రశ్నలు లేవు. నేను ప్రతిచోటా రాసిన ప్రశ్నని లోపల మోనాడే అడుగుతోంది. ఎక్కడ లేకపోతే అక్కడ ఆగి, లేదన్న సంగతిని చివరిదాకా చేరవేస్తోంది. డబ్బా పోలికని పక్కన పెట్టగానే సంగతి కనపడింది. ఒక పద్ధతి ఏ ఇబ్బంది తీర్చడానికి పుట్టిందో చెప్పకుండా ముందు పేరూ పోలికా చేతిలో పెడతారు. వాటిని మోసుకు తిరుగుతూ మనకే తెలివి లేదనుకుంటాం. అయినా సిగ్గు పోలేదు. తెలియనందుకు కాదు, తెలుసన్నందుకు. పైగా సారీ చెప్పినందుకు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన అడిగారు. "ఇప్పటికైనా అర్థమైందా?"

"అయింది. రేపు ముందు ఆ కోడ్ నాది కాదని, అప్పుడు నాకేమీ అర్థం కాలేదని చెప్పి, తర్వాత వివరిస్తాను."

"పిచ్చా నీకు? అలాంటివి ఎవరైనా చెప్పుకుంటారా? మా ఆఫీసులో నేనెప్పుడైనా చెప్పానా..."

ఆగిపోయారు. అత్తయ్య కొడుకు వంక ఓసారి చూసి, కూర గిన్నె నా వైపు జరిపారు. తింటూ ఉన్నాం.