అంతర్వాణి గారి కడుపు

డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసులో ఆయన్ని అందరూ అంతర్వాణి గారు అనేవాళ్లు. ఎదుట గౌరవంగా, వెనక నవ్వుతూ. లైసెన్సు కోసం వచ్చినవాళ్ల పక్క సీట్లో కూర్చుని, పావుగంట వీధుల్లో తిరిగి, పాసో ఫెయిలో రాయడమే ఇరవై రెండేళ్లుగా ఆయన పని. రాసేది చెయ్యే అయినా చెప్పేది మాత్రం కడుపు. మలుపు తిరిగేసరికి కడుపులో దేవినట్టయితే ఫెయిలు, చల్ల కదలకుండా ఉంటే పాసు. అందుకే బండెక్కగానే బెల్టు బిగించుకుని, పొట్ట మీద చెయ్యేసుకుని, కళ్లు మూసుకునేవాడు.

“రోడ్డు చూసేవాడు గుమస్తా. లోపలికి చూసేవాడు పరీక్షాధికారి,” అని కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెప్పేవాడు.

ఒకనాడు ప్రసూతి వార్డులో పనిచేసే నర్సు ఒకావిడ నాలుగోసారి ఫెయిలయింది. యాభై దాటిన మనిషి. ఫెయిలని చెప్పినా బండి దిగలేదు.

“నేను చేసిన తప్పేంటో చెప్పండి.”

“అది చెప్పేది కాదమ్మా. లోపల తెలుస్తుంది.”

“ఎక్కడ లోపల?”

ఆయన పొట్ట చూపించాడు. ఆవిడ స్టీరింగు మీంచి చెయ్యి తీసి, ఆయన పక్కటెముకల కింద రెండు వేళ్లతో నొక్కింది. అంతర్వాణి గారు కుయ్యోమన్నాడు. వెనకే ఓ పెద్ద తేన్పు వచ్చింది.

“పొద్దున్న ఏం తిన్నారు?”

“ఏమీ లేదు. పదకొండింటికి క్యాంటీన్లో రెండు టీలు తాగాను. నూనెలో వేయించినవేవో ఓ పొట్లం తిన్నాను.”

“మీతో మాట్లాడుతున్నది అంతర్వాణి కాదు సార్, ఎసిడిటీ. లోపల్నించి వచ్చేదంతా దేవుడి మాటేనా? కొన్ని తేన్పులు కూడా ఉంటాయి.”

ఫెయిలు కాగితం వెనకే నాలుగు ముక్కలు గీకి ఆయన చేతిలో పెట్టింది. పొద్దున్నే తినాలి. నమిలి తినాలి. టీ ఒక్కటే, అదీ తిన్నాక. భోజనం తర్వాత పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవాలి.

చింపి పారేద్దామని జేబులో పెట్టుకుని మర్చిపోయాడు. చొక్కా ఉతకబోతూ భార్య చూసింది.

“నేను పదేళ్లుగా మొత్తుకుంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇప్పుడు కాగితం మీద రాసిచ్చారుగా, ఇక చచ్చినట్టు చెయ్యాల్సిందే!”

తినడం, నమలడం ఎలాగో అలవాటయ్యాయి. నోరు మూసుకోవడమే గండంగా మారింది. మొదటిరోజు రెండో నిమిషంలోనే ఏదో అనబోతే ఆవిడ గరిటె పైకెత్తింది. పెళ్లయిన ఇన్నేళ్లలో తనకి దక్కిన మనశ్శాంతి ఆ పది నిమిషాలేనని పక్కింటావిడతో చెప్పుకుంది కూడా.

మూడు వారాలు గడిచేసరికి గుండెల్లో మంట పోయింది. కిటికీ దగ్గర ఊరికే కూర్చున్నప్పుడు పక్కింటి పంపు కారడం, మేడమీద ఎవరో కుర్చీ జరపడం వినపడేవి. ఇన్నాళ్లూ ఈ చప్పుళ్లన్నీ ఎక్కడికి పోయాయా అనుకున్నాడు.

చిక్కు ఆఫీసులో వచ్చింది. ఆరోజు పరీక్షకి బేకరీ నడిపే ఆయన వచ్చాడు. అంతర్వాణి గారు యథాప్రకారం కళ్లు మూసుకున్నాడు. బండి ఎగిరింది, పడింది, ఎవరో తిట్టారు, ఏదో విరిగింది. కడుపు మాత్రం కిమ్మనలేదు. అద్భుతమనుకుంటూ “పాసు” అని రాయబోయాడు.

“సార్,” అన్నాడు బేకరీ ఆయన చెమట తుడుచుకుంటూ, “నేను ఫెయిలు కదండీ?”

కళ్లు తెరిచి చూస్తే, బండి సగం పూలకుండీల మీద ఉంది.

ఆ సాయంత్రం పాత రిజిస్టర్లన్నీ ముందేసుకున్నాడు. పదింటికి వచ్చినవాళ్లు దాదాపు అందరూ పాసు. పదకొండున్నరకి, అంటే క్యాంటీన్ టీ తర్వాత వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఫెయిలు. నర్సు గారి నాలుగు పరీక్షలూ పదకొండున్నరవే. ఆవిడ డ్యూటీ దిగి వచ్చేది ఆ వేళకే మరి.

అప్పుడు కడుపులో ఏదో కదిలింది. అది మంట కాదు, తేన్పూ కాదు. చిన్నప్పుడు చెల్లెలి పలక పగలగొట్టి, నేరం పిల్లి మీదికి తోసిన రోజున కలిగినట్టే బొడ్డు దగ్గర చల్లగా, బరువుగా ఉంది. దీనికి నమలడాలూ మానడాలూ పనిచేయవని ఆయనకి ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

మర్నాడు ప్రసూతి వార్డుకి వెళ్లి, వరండాలో నర్సు గారిని ఆపాడు.

“అమ్మా, తప్పు మీది కాదు, నాది. నాలుగుసార్లూ నేను రోడ్డు చూడలేదు. కళ్లు మూసుకునే కూర్చున్నాను.”

“నాకు తెలుసుగా!” అంది నర్సు. “పాపం, నిద్రపోతున్నారనుకున్నాను. కుదుపు తగిలితే లేస్తారేమోనని నాలుగుసార్లూ మెల్లగా, గుంటలు తప్పించుకుంటూ నడిపాను.”

అంతర్వాణి గారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వార్డులోంచి పసిపిల్ల ఒకతి కేరుమంటే, అదే సందని ఆవిడ లోపలికి పోయింది. పోతూ, “గురువారం వస్తాను. పదకొండున్నరకే!” అంది.

వచ్చింది. ఈసారి ఆయన రెప్ప వెయ్యలేదు. అద్దం చూసుకోవడం, మలుపు ముందు వేగం తగ్గించడం, బడి దగ్గర ఆగడం, అన్నీ చూశాడు. ఇంత చక్కగా బండి నడుస్తుంటే ఇరవై రెండేళ్లు కళ్లు మూసుకున్నానే అని బాధపడ్డాడు. పాసని రాసేటప్పుడు లోపల హాయిగా ఉంది. అయినా ఆ హాయిని నమ్మకుండా రోడ్డు మీద చూసినవన్నీ వరసగా రాశాకే సంతకం చేశాడు.

తర్వాత పదకొండున్నర ఫెయిళ్లందరికీ మళ్లీ పరీక్షకి రమ్మని ఉత్తరాలు రాశాడు. చాలామంది వచ్చారు, చాలామంది పాసయ్యారు. కొందరు నిజంగానే ఘోరంగా నడిపి ఫెయిలయ్యారు. గట్టిగా పోట్లాడింది వాళ్లే. ఒకాయన మాత్రం రాలేదు. ఆ ఉత్తరం వెనకే రాసి తిప్పి పంపాడు: “పన్నెండేళ్లుగా లైసెన్సు లేకుండానే హాయిగా నడుపుకుంటున్నాను. ఇప్పుడు పరీక్షలంటూ నన్ను భయపెట్టకండి.”

దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో అంతర్వాణి గారికి ఇప్పటికీ తేలలేదు.