ఎడమ వైపు, సరే

వేడినీటి బుగ్గల దగ్గరున్న ఆ విడిదిలో కజుయో అంత ఖరీదైన గది తీసుకున్నది మంచు కప్పిన లోయను చూడడానికి కాదు, తొమ్మిది రకాల వంటకాల భోజనం కోసం అసలే కాదు. ఆ గది వెనకాల, గదిలో దిగినవాళ్లకు మాత్రమే, చెక్కతో చేసిన వేడినీటి తొట్టి ఉంది. అందులో అయితే మొగుడి పక్కనే తానుండవచ్చు. కింద ఉన్న పెద్ద స్నానశాలలో అలా కుదరదు. ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. తెర దాటి లోపలికి వెళ్లాక ఆ మనిషి ఏం చేస్తాడో, ఎవరినేమంటాడో, బట్టలు ఎక్కడ పెట్టాడో మరిచిపోయి ఉన్నవాడు ఉన్నట్టు బయటికి వచ్చేస్తాడో తెలుసుకునే దారి ఆవిడకు ఉండదు.

ఆ మొగుడు, సెయిగోకు డెబ్భై ఆరేళ్లు. ముప్ఫై ఎనిమిదేళ్లు రైలు నడిపాడు. మూడేళ్లుగా మతిమరుపు ఆయన్ని కొద్దికొద్దిగా పట్టుకుంటోంది. ఈ సంగతి కూతురు నహోకోకు సగమే తెలుసు. ఆ సగానికే ఆ పిల్ల సెందాయ్ నగరంలో తన ఇంటి దగ్గరున్న వృద్ధుల కేంద్రంలో తండ్రి పేరు రాయించింది. ఏప్రిల్‌లో ఒక మంచం ఖాళీ అవుతుందనీ, కావాలో వద్దో సోమవారంలోగా చెప్పాలనీ వాళ్లు ఉత్తరం రాశారు. దాని మీద తల్లికీ కూతురికీ ఫోనులో పెద్ద వాదన జరిగింది.

"సరేనమ్మా. రెండు రోజులు ముగ్గురం కలిసి ఎక్కడికైనా వెళ్దాం. నా కళ్లతో నేను చూస్తాను. నాన్న మామూలుగా ఉంటే ఇంట్లోనే ఉంటాడు. లేదంటే సోమవారం నేను సంతకం పెట్టేస్తాను. నువ్వు ఏడవకూడదు" అంది నహోకో చివరికి.

"ఏడవడానికి నేనేమన్నా చంటిపిల్లనా?" అంది కజుయో. ఫోను పెట్టేశాక ఏడ్చింది.

నహోకోకు తెలియని మిగతా సగం ఇది. కొత్త సంవత్సరం దగ్గర్నుంచీ, చూడ్డానికి వచ్చిన కన్నకూతుర్నే సెయిగో ఒక్కోసారి పోల్చుకోలేకపోతున్నాడు. కొత్తవాళ్లను చూసినట్టు చూసే ఆ చూపు రాబోతోందని కజుయోకు ముందే తెలిసిపోతుంది. వెంటనే "నహోకో, నాన్నకు టీ ఇవ్వు" అనో, "నహోకో, కిటికీ వెయ్యి" అనో ఆ పేరును ఆయన చెవిలో పడేస్తుంది. పాపం నహోకో, అమ్మకు ఈమధ్య పనులు చెప్పడం ఎక్కువైందనుకుంటోంది.

చూశారుగా, పరీక్ష ఒకరికి, చెమటలు ఇంకొకరికి. ఆ సాయంత్రం విడిదిలో దిగింది మొదలు కజుయో ఒక్క క్షణం స్థిమితంగా కూర్చోలేదు. పరిచారిక మోకాళ్ల మీద కూర్చుని టీ అందిస్తే, ఆయన చెయ్యి వణుకుతుందేమోనని కప్పు వైపే చూసింది. అంత మెత్తటి చాప మీద కూర్చున్నా ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది ఆవిడకు.

సెయిగో మాత్రం హాయిగా ఉన్నాడు. గదంతా తిరిగి వేలు చాపి ఒక్కొక్కటీ చూసుకున్నాడు. "కిటికీ, సరే. పొయ్యి, సరే." రైలు నడిపేవాళ్లకు ఉండే అలవాటే అది. సిగ్నల్ చూస్తే చెయ్యి చాపి దాని పేరు పైకి చెప్పి సరే అనుకుంటారు, పొరపాటు జరగకూడదని. ఉద్యోగం పోయినా ఆ వేలు పోలేదు. నిజం చెప్పాలంటే ఇప్పుడు ఆయన్ని నడుపుతున్నది ఆ వేలే.

"నేను పెద్ద స్నానానికి వెళ్తున్నా" అన్నాడు ఉన్నట్టుండి.

"గదిలోనే ఉందిగా, ఎంచక్కా మంచు చూస్తూ చెయ్యొచ్చు" అంది కజుయో గబగబా.

"ఇంత దూరం వచ్చి తొట్టిలో మునగడమేంటి? మనింట్లో లేదా తొట్టి?"

నహోకో పత్రిక మీంచి తలెత్తింది. "వెళ్లనీ అమ్మా. ఏం, భయమా?"

భయమే. కానీ ఆ మాట అంటే పరీక్ష పోయినట్టే. వసారా చివర పక్కపక్కనే రెండు తెరలున్నాయి, మగవాళ్లకు నీలం, ఆడవాళ్లకు ఎరుపు. "ఏమండీ, మీది ఎడమ వైపు. గుర్తుంచుకోండి, ఎడమ" అని రెండుసార్లు చెప్పింది. ఆయన తెర వైపు చెయ్యి చాపి, "ఎడమ వైపు, సరే" అని లోపలికి వెళ్లిపోయాడు. కజుయో ఎదురుగా బల్ల మీద కూర్చుని నలభై నిమిషాలు ఆ తెర వైపే చూసింది.

సెయిగో ఎర్రగా కందిన మొహంతో, విడిదివాళ్లిచ్చిన యుకాతా అనే నూలు అంగీ కుదురుగా చుట్టుకుని బయటికొచ్చాడు. "నీళ్లు బావున్నాయి. ఒసాకా ఆయనొకడు నా చెవి తినేశాడనుకో" అన్నాడు. కజుయోకు పోయిన ప్రాణం లేచొచ్చింది. నహోకో కూడా నవ్వింది. భోజనాల దగ్గర ఆయన చేప ముళ్లను కూతురి కంట పడకుండా ఏరి పెట్టే హడావిడిలో, పరిచారిక మర్నాటి పొద్దుటి సంగతి ఏదో చెబుతుంటే కజుయో తలాడించిందే గాని చెవిన పెట్టలేదు.

పొద్దున ఐదున్నరకు మెలకువ వచ్చేసరికి పక్క పరుపు ఖాళీగా ఉంది.

తువ్వాలు లేదు. పక్క గదిలో నహోకో కూడా లేదు, దాని తువ్వాలూ లేదు. అంటే కూతురు స్నానానికి వెళ్లింది. మరి ఈయన? కజుయో దిగ్గున లేచింది. నడుముకు కట్టు సరిగ్గా బిగించుకోకుండానే వసారా పొడుగునా పరిగెత్తింది.

నీలం తెర ముందు ఒక్క జత చెప్పులున్నాయి. ఆయనవి కావు. ఇంతలో తెర తొలగించుకుని ఒకాయన బయటికి వచ్చాడు.

"అయ్యా, లోపల తెల్లజుట్టాయన, పొడుగ్గా ఉంటారు..."

"లేరండీ. ఇందాకట్నుంచీ నేనొక్కణ్నే."

అంతే, పైప్రాణాలు పైనే పోయాయి. బయట మోకాలి లోతు మంచు, కింద ఏరు. ఒంటి మీద పలచటి యుకాతా తప్ప ఏమీ లేని మనిషి. కజుయో గుమ్మం వైపు తిరిగింది. టీ పళ్లెంతో వస్తున్న పరిచారిక ఆవిడ మొహం చూసి పళ్లెం కింద పెట్టేసింది.

"మా ఆయన బయటికి వెళ్లాడా? చూశావా తల్లీ?"

"ఎవరూ వెళ్లలేదు అమ్మగారూ. నాలుగున్నర నుంచి గుమ్మం దగ్గర నేనే ఉన్నాను."

కజుయో మళ్లీ నీలం తెర వైపు చూసింది. అప్పుడు తట్టింది. "ఇది... నిన్న ఎడమ వైపు ఉంది కదూ?"

"అవునండీ. రాత్రి భోజనాల దగ్గర మనవి చేశాను. ఐదింటికి తెరలు అటూ ఇటూ మారుస్తాం. వచ్చినవాళ్లందరూ రెండు స్నానశాలలూ చూడాలి కదండీ."

కజుయో నాలుక్కరుచుకుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఎన్ని విడుదుల్లో దిగలేదు తను? పొద్దున్నే తెరలు మారతాయని ఎవరికి తెలియదు? నీలం తెర అని చెప్పి ఉంటే సరిపోయేది. ఎడమ అని చెప్పింది. ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆయన మరిచిపోలేదు, అదే వచ్చింది చిక్కు.

ఎర్ర తెర కింద రెండు జతల చెప్పులున్నాయి. పెద్ద జత మొనలు బయటికి తిప్పి, రైలు పట్టాల్లా సమానంగా ఉంది. పక్కన నహోకో చెప్పులు.

ఇంకెవరు చూసినా ఫరవాలేదు గాని, చూడకూడని మనిషే లోపలుంది. "ఇంక ఎవరినీ రానివ్వకు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటాను" అని పరిచారికకు చెప్పి కజుయో తెర ఎత్తింది. గడప దాటుతుండగా ఇది ఆడవాళ్ల వైపని, తాను లోపలికి వెళ్లవచ్చని గుర్తొచ్చి ఆవిడకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. బుట్టలో ఆయన యుకాతా మడతపెట్టి ఉంది. పక్క బుట్టలో నహోకో కళ్లద్దాలున్నాయి.

గాజు తలుపు అవతల ఆవిరి. చిన్న పీట మీద సెయిగో కూర్చున్నాడు. నహోకో ఒంటికి పెద్ద తువ్వాలు, జుట్టుకు చిన్న తువ్వాలు చుట్టుకుని ఆయన వెనకాల కూర్చుని వీపు రుద్దుతోంది. కజుయో తలుపు తీయబోయి ఆగిపోయింది.

"మీకు శ్రమ ఇస్తున్నానమ్మా" అంటున్నాడు సెయిగో. "ఇది ఆడవాళ్ల వైపంటున్నారు గాని, మా ఆవిడ ఎడమ అని చెప్పింది. మా ఆవిడ తప్పు చెప్పదు. మీదే ఊరు?"

నహోకో సబ్బు మళ్లీ అందుకుంది. "సెందాయ్ అండీ."

"మా అమ్మాయీ అక్కడే. మందుల షాపులో పని చేస్తుంది. మంచిది గాని ముక్కు మీద కోపం. నా పోలికే వచ్చింది. వాళ్లమ్మకు దాన్ని చూస్తే హడలు."

"హడలెందుకండీ?"

"నేను మరిచిపోతున్నాను కదా." సెయిగో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఎదుటి గోడతో చెబుతున్నట్టు చెప్పాడు. "ఆ సంగతి నాకు తెలుసు. తెలుసని మా ఆవిడకు తెలియదు. తెలిస్తే ఆవిడ తట్టుకోలేదు. పిల్ల బెంగపెట్టుకుంటుందని ఇద్దరం దాస్తున్నాం, ఎవరి మటుకు వాళ్లం. మీరు ఎవరితోనూ అనకండి."

నహోకో చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది. "అననండీ" అని, బకెట్టుతో నీళ్లు తీసుకుని ఆయన భుజాల మీద నెమ్మదిగా పోసింది. గాజు తలుపు వెనక కజుయో నోటికి యుకాతా చెంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. మూడేళ్లు. మూడేళ్లుగా ఆయన దగ్గర తాను దాచిందే తన దగ్గర ఆయన దాచాడు.

తరువాత సెయిగో వసారా బల్ల మీద కూర్చుని సీసాలో చల్లటి పాలు తాగుతుంటే, తల్లీ కూతుళ్లు కొంచెం ఎడంగా నిలబడ్డారు.

"లోపలంతా ఆవిరి కదే" అంది కజుయో. "నీకు కళ్లద్దాలు లేవు, తలకేమో తువ్వాలు. అందుకే పోల్చుకోలేకపోయారు."

నహోకో కళ్లద్దాలు తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది. "ఎప్పట్నుంచి అమ్మా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కజుయోకు ఇంక ఓపిక లేదు. "కొత్త సంవత్సరం నుంచి. అదీ అప్పుడప్పుడే. నీ మీద ఒట్టు, అప్పుడప్పుడే. ఇంకేం, అయిపోయిందిగా, సంతకం పెట్టుకో."

నహోకో కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లి తండ్రి పక్కన కూర్చుంది. ఉదయం ఫలహారాల దగ్గర సంతకం ఊసు రాలేదు.  నాన్నకు అది అందించు, ఇది అందించు అని పేరు పెట్టి పిలవడానికి కూడా కజుయోకు నోరు రాలేదు.

బయల్దేరే వేళకు విడిదివాళ్లంతా గుమ్మంలో వరసగా నిలబడి వంగి దండాలు పెట్టారు. సెయిగో మెట్ల మీద ఆగి చెయ్యి చాపాడు. "సంచి, సరే. గొడుగు, సరే. కజుయో, సరే."

వేలు నహోకో దగ్గరికొచ్చి ఆగింది. ఆ చూపు వచ్చేసింది. కజుయో ఆ పేరు అందివ్వబోయి నోరు తెరిచింది. నహోకో తల్లి మణికట్టు పట్టుకుని వద్దన్నట్టు నొక్కింది.

వేలు గాలిలో అలాగే ఉంది. దండం పెట్టి లేచిన పరిచారిక తల దించుకుంది. అప్పుడు నహోకో తానే చెయ్యెత్తి తండ్రి వైపు చూపించింది. సన్నటి గొంతుతో అంది. "నాన్న, సరే."

సెయిగో ఆ చేతిని పరీక్షగా చూశాడు. కనుబొమ్మలు ముడిచాడు. ఎన్నేళ్లో కొత్తవాళ్లకు పని నేర్పిన మనిషి.

"మోచెయ్యి వంగిందమ్మా" అన్నాడు. "అలా చూపిస్తే ఏం లాభం? నిటారుగా పెట్టు. గొంతు గట్టిగా రావాలి."

నహోకో మోచెయ్యి సర్దుకుంది. చెంపల మీద నీళ్లు తుడుచుకోకుండానే, ఈసారి లోయలోకి వినిపించేలా అంది. "నాన్న, సరే."

"ఆఁ, అదీ" అన్నాడు సెయిగో, మెట్లు దిగుతూ.

"సోమవారం వాళ్లకు వద్దని చెప్పేస్తానమ్మా" అంది నహోకో, చెయ్యి ఇంకా దించకుండానే. "శని, ఆదివారాలు నేను వస్తాను. నాకు ఇది సరిగ్గా నేర్పమను."